వీపులక్క గుమ్మం

ముందే చెప్తున్నాను, నాకు అబద్ధం చెప్పడం రాదు. ఇది గొప్పకు చెప్పుకునే మాట కాదు, దీనివల్ల నాకు ఒరిగిందేమీ లేదు. ఉన్నమాటంటే ఉలుకెక్కువ అని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. మా మ్యూజియంలో రాళ్ళ విభాగం నుంచి ఎముకల విభాగానికి, అక్కడినుంచి టికెట్ల కిటికీకి నన్ను మార్చారంటే రెండుసార్లూ నా నోరే కారణం. ఎవరో చిన్నపిల్ల రాక్షసబల్లి ముందు నిలబడి "ఇవి నిజం ఎముకలేనా?" అని అడిగింది. "కాదమ్మా, సున్నంతో పోతపోసినవి. అసలువి కింద గదిలో పెట్టెల్లో ఉన్నాయి" అన్నాను. ఆ పిల్ల భోరుమంది. సాయంత్రానికల్లా నా కుర్చీ టికెట్ల కిటికీ వెనక్కి చేరింది. చేరితే చేరింది, అక్కడికి రాబట్టే నాకు వీపులక్క దొరికింది.

ఆవిడ అసలు పేరు హాజరు పుస్తకంలో ఉంటుంది గాని ఆ పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. పిల్లలు పెట్టిన పేరే నిలిచిపోయింది. మా టికెట్ల కిటికీకి ఎదురుగా సీతాకోకచిలుకల గది ఉంది. గాజు కప్పు, లోపల ఎప్పుడూ వెచ్చగా, తడితడిగా ఉంటుంది. ఎక్కడెక్కడి దేశాల నుంచో ప్యూపాలు దూదిలో చుట్టుకుని డబ్బాల్లో వస్తాయి. వాటిని పుల్లలకు ఒక్కొక్క చుక్క జిగురుతో తలకిందులుగా అంటించి వేలాడదీస్తే, అవి ఒక ఉదయం పగిలి, రెక్కలు ఆరబెట్టుకుని, పిల్లల నెత్తిమీదికి ఎగిరొస్తాయి. పళ్ళేలలో బాగా మగ్గిన అరటిపండ్లు పెడతారు. పిల్లలు ముక్కు మూసుకుంటారు, సీతాకోకచిలుకలు మాత్రం ఆ వాసనకే మూగుతాయి. పక్కనే పురుగుల బల్లలుంటాయి. ఎండుపుల్లలా కనిపించే పురుగును అరచేతిలో పెట్టించుకుని పెద్దవాళ్ళే పిల్లలకంటే ముందు కేకలు పెడతారు.

చూడ్డానికి వచ్చినవాళ్ళు ఆ గదిలోంచి బయటికి పోయే దారి ఒక్కటే. రెండు తలుపులు, మధ్యలో ఒక మంచం పట్టేంత చిన్న గది. మొదటి తలుపు మూసుకున్నాకే రెండోది తెరవాలి. ఎందుకంటే పరదేశపు పురుగు ఒక్కటి బయటపడినా ఊళ్ళో తోటలకు ముప్పని ప్రభుత్వం వారి షరతు. ఆ మధ్యగదిలో పద్దెనిమిదేళ్ళుగా నిలబడి ఉన్న మనిషే వీపులక్క. చేతిలో మెత్తటి కుంచె, పక్కన గాజు డబ్బా, నోట్లో ఒకటే మాట.

"వెనక్కి తిరగండి."

ఆ మాట వినగానే గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ప్రతివాళ్ళూ భుజాలు తడుముకునేవాళ్ళు. "తడమకండి, రెక్క నలుగుతుంది" అనేది అక్క. తర్వాత మెడ దగ్గర మొదలుపెట్టి, చొక్కా మడతలు, సంచి అడుగు, టోపీ అంచు, పసిపిల్లల బండి చక్రాల సందులు, అన్నీ చూసేది. ఒక రకం ఉంది, రెక్కలు విప్పితే ఆకాశమంత నీలం, మూస్తే మట్టిరంగు. నల్లకోటు మీద అది వాలితే మీకూ నాకూ కనపడదు. అక్కకు కనపడేది. కుంచె అంచు దాని కాళ్ళ ముందు పెట్టి, తనంతట అది ఎక్కేదాకా ఆగేది. తోసేది కాదు, గిల్లేది కాదు. అన్నేళ్ళలో అక్క కళ్ళుగప్పి బయటపడ్డది ఒక్కటంటే ఒక్కటి. ఆ వారమంతా అక్క సరిగ్గా అన్నం తినలేదు.

అలా ఊరందరి వీపులూ ఆవిడకు తెలుసు. మొహాలు మాత్రం తెలియవు. వచ్చినవాళ్ళు తలుపు తెరుచుకుని రావడం, వెనక్కి తిరగడం, అటునుంచి అటే పోవడం. ఆవిడకు నమస్కారం పెట్టి వెళ్ళినవాళ్ళను నేను వేళ్ళమీద లెక్కపెట్టగలను. ఒకసారి బజార్లో ఒకావిడ నన్ను పలకరించి అక్క వైపు చూసి "ఈవిడెవరు?" అంది. ఆ ముందు రోజే అక్క ఆవిడ కొప్పులోంచి పసుపు రెక్కల పురుగును తీసింది. నాకు ఒళ్ళు మండి ఏదో అనబోతే అక్క నా చెయ్యి గిల్లి, ఆవిడ వెళ్ళిపోయాక అంది.

"ఊరుకోవే. నాకూ ఆవిడ మొహం చూస్తే తెలియలేదు. తిరిగి వెళ్ళేటప్పుడు గుర్తుపట్టాను."

మ్యూజియం వెనక రెండు వీధులవతల, పుస్తకాలు కుట్టే దుకాణం మేడ మీద అక్క గది. నేను రెండు మూడుసార్లు వెళ్ళాను. మంచం, పొయ్యి, చిన్న బల్ల, రెండు కుర్చీలు. ఒక కుర్చీ కూర్చుని కూర్చుని నునుపు తేలింది. రెండోదానికి కొన్ననాటి ప్లాస్టిక్ కాగితం అలాగే ఉంది. నేను దానిమీద కూర్చోబోతే "అది కాదులే, ఇటు రా" అని మంచం చూపించింది. అప్పుడు నాకు ఉక్రోషం వచ్చింది. ఇంటికొచ్చిన మనిషికి కుర్చీ ఇవ్వని మర్యాద ఏమి మర్యాద అనుకున్నాను. ఆ కుర్చీ సంగతి తర్వాత తెలిసింది.

మా పురుగుల సారు మంచి మనిషి. ప్యూపాల గదిలోకి రమ్మని అక్కను మూడుసార్లు పిలిచాడు. కూర్చుని చేసే పని, చల్లగా ఉంటుంది, జీతం కూడా ఒక మెట్టు పెరుగుతుంది. అక్క మూడుసార్లూ వద్దంది. జ్వరమొచ్చినా సెలవు పెట్టేది కాదు, ఆదివారమైతే అసలే కాదు. వేడిలో, తడిలో, కాళ్ళు వాచేలా నిలబడే ఉద్యోగం మీద ఇంత మమకారమేమిటని నాకు పురుగు తొలిచినట్టుండేది. ఒక వానరోజు సందర్శకులు ఎవరూ లేరు. టీ పట్టుకెళ్ళి మధ్యగదిలో స్టూలు మీద కూర్చుని, "చెప్తావా, చెప్పవా?" అని పట్టుపట్టాను.

చెప్పింది. కుంచె తుడుచుకుంటూ, నా వైపు చూడకుండా చెప్పింది.

తల్లి పోయేనాటికి అక్కకు పదకొండేళ్ళు, తమ్ముడికి రెండు. తండ్రికి రంపం మిల్లులో పని, ఎప్పుడు ఇంట్లో ఉంటాడో తెలియదు. "వాడు నా వీపు మీదే పెరిగాడే. అంట్లు తోముతున్నా వీపు మీదే, నీళ్ళు మోస్తున్నా వీపు మీదే. దించితే ఏడుపు లంకించుకునేవాడు." మేడ మీద అద్దె గది, ఇప్పుడున్న గదే. పద్నాలుగు మెట్లు, పట్టుకోవడానికి కమ్మీ లేదు. ఒక సాయంత్రం కింద ఆడపిల్లలు తాడాట ఆడుతూ రమ్మని కేకేశారు. పన్నెండేళ్ళ పిల్లకు ఆట మీద మనసుండదా? తమ్ముణ్ణి వీపున వేసుకునే పరుగెత్తింది. మెట్లమీద జడ ఊడిపోయింది.

"ముడేసుకుందామని రెండు చేతులూ వదిలేశాను. రెండూ! వాడు నా మెడ పట్టుకునే ఉంటాడనుకున్నా."

పిల్లవాడు ఎనిమిది మెట్లు దొర్లాడు. ఎడమ భుజం దగ్గర ఎముక విరిగింది. తండ్రి వచ్చి ఎలా జరిగిందని అడిగాడు. "గోడెక్కి దూకాడు నాన్నా" అంది అక్క. తండ్రి ఆ కోపంలో, చెయ్యి కట్టు కట్టించుకుని ఉన్న పిల్లవాణ్ణే ఒక దెబ్బ వేశాడు. మూడేళ్ళవాడు, వాడేం చెప్పగలడు? కొన్నేళ్ళకు ఆ గోడ కథే నిజమని వాడూ నమ్మాడు. ఎముక వంకరగా అతుక్కుంది. భుజం ఒకటి కిందికి దిగిపోయింది.

ఆ తమ్ముడికి చిన్నప్పటినుంచీ ఒకటే కోరిక, ఫైరింజన్ మీద నిలబడాలని. పెద్దయ్యాక ఆ ఉద్యోగానికి వెళ్ళాడు. రాతపరీక్షలో మొదటివాడు. తాడు పట్టుకుని పైకి పాకమంటే ఎడమ చెయ్యి లేవలేదు. మూడేళ్ళు వరసగా వెళ్ళాడు, మూడేళ్ళూ అదే తంతు. మూడోసారి తిరిగొచ్చిన రోజు, కంచం ముందు కూర్చుని "చిన్నప్పుడు ఆ గోడ ఎందుకెక్కి చచ్చానో" అని తనను తానే తిట్టుకున్నాడు. అప్పటికి తండ్రి కూడా లేడు. అక్క నోరు మూసుకుని ఉంటే ఆ సంగతి ఇంకెవరికీ తెలిసేది కాదు. మూసుకోలేకపోయింది. చెప్పేసింది.

"పడేసినందుకు వాడేమీ అనలేదే. పిల్లవే కదా, పడేశావు అన్నాడు. కానీ నాన్న కొడుతుంటే పక్కనే నిలబడి చూశావు కదా అన్నాడు. ఇన్నేళ్ళూ నన్ను నేను తిట్టుకుంటుంటే విన్నావు కదా అన్నాడు. నీ మొహం ఈ జన్మలో చూడను అన్నాడు." అక్క కుంచె పక్కన పెట్టింది. "చెయ్యి కడుక్కుని సంచి తీసుకున్నాడు. వెనక్కి తిరిగాడు. మెట్లన్నీ దిగేదాకా వాడి వీపే చూశాను. ఎడమ భుజం ఇలా కిందికి..."

వాడికి అప్పుడు ఇరవై రెండేళ్ళు. అక్క రాసిన ఉత్తరాలు విప్పకుండానే తిరిగొచ్చాయి. ఒక పిన్ని ఉండేది, ఆవిడ నోటి నుంచి అప్పుడప్పుడు కబుర్లు తెలిసేవి. వేరే ఊళ్ళో లిఫ్టులు బాగుచేసే పనిలో చేరాడని, పెళ్ళయిందని, పాప పుట్టిందని. పిన్ని కూడా పోయాక ఆ కబుర్లూ ఆగిపోయాయి. కుర్చీ ఎవరి కోసమో అప్పుడు నాకు అర్థమైంది. ఆవిణ్ణి తప్పుపట్టినందుకు నా మీద నాకే సిగ్గేసింది.

"అయితే ఈ గుమ్మానికీ దానికీ ఏమిటి సంబంధం అక్కా?"

"ఎప్పటికైనా వాడికి పెళ్ళవుతుంది, పిల్లలు పుడతారనుకున్నా. పిల్లలున్నవాళ్ళెవరైనా ఒక్కసారన్నా ఇక్కడికి రాక తప్పదే. చుట్టుపక్కల ఇన్ని ఊళ్ళకు సీతాకోకచిలుకలు చూపించే చోటు ఇదొక్కటేగా. వచ్చినవాడు ఈ గుమ్మం దాటకుండా పోలేడు. మొహం చూడనన్నాడు, సరే, చూడొద్దు. వీపు చూపించకుండా ఎలా పోతాడు?"

నేను కళ్ళు తుడుచుకుని "నీకు పిచ్చక్కా" అన్నాను. చెప్పానుగా, అబద్ధం చెప్పడం నాకు రాదు. ఆవిడ నవ్వింది. "కాకపోతే పద్దెనిమిదేళ్ళు ఎవరుంటారే" అంది.

ఆ తర్వాత నుంచి టికెట్లు చింపేటప్పుడు నేను కూడా మగవాళ్ళ భుజాలు చూడటం మొదలుపెట్టాను. సంచులు మోసి మోసి లోకంలో సగం మందికి ఒక భుజం కిందికే ఉంటుందని అప్పుడే తెలిసింది.

పోయిన ఏడు మాకు కొత్త పెద్దసారు వచ్చాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. వచ్చిన నెలకే మధ్యగదిలో ఎదురెదురుగా రెండు నిలువుటద్దాలు బిగించాడు. ఒకదాని ముందు నిలబడితే రెండోదాని పుణ్యమా అని మన వీపు మనకే కనపడుతుంది. పక్కన ఒక బోర్డు: "మీ వీపు మీరే చూసుకోండి. మా చిట్టి అతిథులను ఇంటికి తీసుకెళ్ళకండి." చిట్టి అతిథులట! అది చదివిన ప్రతిసారీ నాకు ఒళ్ళు మండేది. ఒకటో తారీఖు నుంచి గుమ్మం దగ్గర మనిషి అక్కర్లేదు, అక్కను ప్యూపాల గదికి మారుస్తున్నామని కాగితం వచ్చింది.

నేను ఆగుతానా? నేరుగా ఆయన గదికి వెళ్ళాను.

"సార్, అద్దం ముందు నిలబడితే ఎవరైనా మొహం చూసుకుంటారు గాని వీపు చూసుకుంటారా?"

"చదువుకున్నవాళ్ళు చూసుకుంటారమ్మా."

"రండి, మీరే చూడండి చదువుకున్నవాళ్ళను!"

వచ్చి చూశాడు. ఒకావిడ కాటుక సరిచేసుకుంటోంది. ఒకాయన పొట్ట లోపలికి పీల్చి పక్కకు తిరిగి చూసుకుంటున్నాడు. ఆయన టోపీ మీద నీలంరెక్కల పురుగు హాయిగా కూర్చుని ఉంది. అక్క దాన్ని తీయబోతే పెద్దసారు చెయ్యి అడ్డం పెట్టాడు, ఆయనే చూసుకుంటాడేమో చూద్దామని. ఆయన చూసుకోలేదు. తలుపు తీసుకుని పోయాడు. పురుగూ పోయింది. "ఒకటీ అరా పోతాయిలెండి" అన్నాడు పెద్దసారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది నా పని. అక్క మాత్రం "సరేలెండి సార్" అంది. కందకు లేని దురద కత్తిపీటకెందుకని నన్ను నేనే సముదాయించుకోబోయాను. కానీ ఆ సాయంత్రం అక్క గోడకున్న క్యాలెండర్ ముందు నిలబడి ఉండటం చూశాను. వేలు పెట్టి ఆదివారాలు లెక్కపెడుతోంది. రెండే మిగిలాయి.

మొదటి ఆదివారం ఊరికే పోయింది.

రెండో ఆదివారం జనం విరగబడ్డారు. నేను మధ్యాహ్నం ఒకళ్ళకు కిటికీ అప్పగించి, అన్నం డబ్బా పట్టుకుని మధ్యగదిలో నా స్టూలు మీద కూర్చున్నాను. అక్కకు తినడానికి కూడా తీరిక లేదు. తలుపు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. వెనక్కి తిరగండి, వెళ్ళండి. వెనక్కి తిరగండి, వెళ్ళండి. ఆ వరసలో ఒకాయన, ఆయనతో ఎనిమిదేళ్ళ పాప లోపలికి వచ్చారు. ఆయనకు బట్టతల, గడ్డం, కళ్ళజోడు. నాకు మిగతావాళ్ళలాగే కనిపించాడు. పాప నోటికి మాత్రం తాళం లేదు.

"ఇక్కడేం చేస్తారు? నన్ను కూడా చూస్తారా? నా మీద ఉందా? ఉంటే ఇంటికి తీసుకెళ్ళొచ్చా?"

"ఉంటే చూపిస్తాను, తీసుకెళ్ళకూడదు. ఏదీ, తిరుగమ్మా."

పాప బొంగరంలా మూడు చుట్లు తిరిగింది. దాని కోటు టోపీలో నిజంగానే ఒకటి ఉంది, నారింజరంగుది. అక్క దాన్ని కుంచె మీదికి ఎక్కించి పాప ముక్కు దగ్గర పెట్టి చూపించి గాజు డబ్బాలో వదిలింది. పాప చప్పట్లు కొట్టింది. అక్క నవ్వుతూనే తండ్రి వైపు తిరిగింది. ఆయన అప్పటికే, చెప్పకముందే, వెనక్కి తిరిగి నిలబడి ఉన్నాడు.

అక్క చెయ్యి గాలిలో ఆగిపోయింది.

ఆ చెయ్యి అలా ఆగడం నేనెప్పుడూ చూడలేదు. ఏమైందా అని నా అన్నం డబ్బా పక్కన పెట్టి చూశాను. అప్పుడు కనపడింది. తెల్లచొక్కా. కుడి భుజం మీద కుట్టు సరిగ్గా ఉంది. ఎడమ భుజం మీది కుట్టు నాలుగు వేళ్ళు కిందికి జారి ఉంది. చేతిలో సంచి లేదు.

"ఒకటుంది" అంది అక్క. "కదలకండి."

నేను ఆ చొక్కా అంతా చూశాను. తెల్లటి చొక్కా, చీమ పాకినా కనపడుతుంది. ఏమీ లేదు. మెడ దగ్గర లేదు, మడతల్లో లేదు, ఎక్కడా లేదు. అక్క కుంచె కుడి భుజం మీద పెట్టింది. మెల్లగా మెడ కిందుగా లాక్కుంటూ ఎడమ వైపుకు వచ్చింది. ఆ వంకర ఎముక మీద కుంచె ఆగింది. పురుగు తనంతట తాను ఎక్కేదాకా ఆగినట్టే ఆగింది.

మొదటి తలుపు అవతల జనం పేరుకున్నారు. గాజు మీద ఎవరో వేలితో కొట్టారు.

"ఏదీ? నాకు కనపడట్లేదే!" పాప తండ్రి చుట్టూ ఒక చుట్టు తిరిగి, అద్దంలోకి తొంగిచూసింది. "నాన్నా, అద్దంలో చూడు. నీ మీద ఏమీ లేదు!"

దొరికిపోయింది అక్క, అనుకున్నాను. ఆయన వైపు చూశాను. ఆయన అద్దంలోకే చూస్తున్నాడు. ఎప్పటినుంచి చూస్తున్నాడో నాకు తెలియదు. చూస్తున్నది మాత్రం వీపును కాదు. ఎదురుగా ఉన్న అద్దంలో, ఆ దిగిపోయిన భుజం పైనుంచి, మా అక్క మొహం కనపడుతోంది. అక్క పొట్టి మనిషి. ఆ భుజం సరిగ్గా ఉండి ఉంటే కనపడేది కాదు. అక్క తల దించుకుని కుంచె వైపే చూస్తోంది. తనను ఆయన చూస్తున్నాడని ఆవిడకు తెలియదు.

"ఉందమ్మా" అన్నాడు ఆయన పాపతో. "నువ్వు కాసేపు మాట్లాడకు. అత్త తీస్తోంది."

"ఏ అత్త?" అంది పాప.

అక్క తలెత్తలేదు. కుంచెను మాత్రం ఆ భుజం మీంచి తీయలేదు. గాజు మీద మళ్ళీ కొట్టారు. కాసేపట్లో రెండు చేతులతో కొడుతున్నారు. నాకు లేచి వాళ్ళందరినీ నాలుగు దులపాలనిపించింది. లేస్తే ఏం చెదిరిపోతుందోనని లేవలేదు. నా జన్మలో నోరు కట్టేసుకున్నది ఆ రెండు నిమిషాలే.

చివరికి అక్క కుంచె తీసి, గాజు డబ్బా మూత తెరిచి, ఏమీ లేని కుంచెను అందులో విదిలించి, మూత పెట్టింది.

"పోయింది. ఇక వెళ్ళండి."

వెళ్ళండి అంది, తన వీపున మోసిన వాణ్ణి! ఆయన ఇంకాసేపు నిలబడ్డాడు. ఏదన్నా అంటాడేమోనని నేను చూశాను. పాప చెయ్యి పట్టుకుని రెండో తలుపు తోశాడు. వెనక్కి తిరగలేదు. పాపే రెండుసార్లు తిరిగి చూసి చెయ్యి ఊపింది.

"అక్కా! పిలవనా? పరుగెత్తి పట్టుకురానా?" నేను స్టూలు తన్నేసి లేచాను.

"కూర్చోవే. వెనక జనం ఉన్నారు."

"నీ జనం గంగలో కలవ! ఆయన నిన్ను చూశాడక్కా! అద్దంలో నీ మొహమే చూస్తూ నిలబడ్డాడు! అద్దంలో చూస్తే చూసినట్టు కాదా?"

అక్క నా వైపు తిరిగింది. "నిజంగానా?"

"నేనెప్పుడన్నా అబద్ధం చెప్పానా?"

ఆవిడ తలుపు తీసింది. "వెనక్కి తిరగండి" అంది మొదట వచ్చినవాళ్ళతో. ఆ సాయంత్రం దాకా కొన్ని వందల వీపులు చూసింది. ఒక్క పురుగునూ వదలలేదు.

నేను మాత్రం అప్పుడే గేటు దాకా పరుగెత్తాను. అప్పటికే వాళ్ళు లేరు. తెలిసే వచ్చాడని నేనంటాను, పాప పోరు పడలేక వచ్చాడని అక్క అంటుంది. తెలిసి వస్తే ఇంటికి రాడా, ఇల్లు మారలేదు కదా అంటుంది. సోమవారం ఆయన రాలేదు. మంగళవారం నేను టిఫిన్ నెపంతో అక్క గదికి వెళ్ళాను. రెండో కుర్చీ మీద ప్లాస్టిక్ కాగితం లేదు. తుడిచి పెట్టి ఉంది. ఎవరూ కూర్చున్న గుర్తు మాత్రం లేదు. ఆవిడ "దీనిమీద కూర్చో" అంది నాతో. నాకు కూర్చోబుద్ధి కాలేదు, అయినా కూర్చున్నాను.

బుధవారం నెలాఖరు. గుమ్మం దగ్గర అక్కకు ఆఖరు రోజు. పెద్దసారు రాలేదు, పురుగుల సారు వచ్చి చేతులు జోడించి వెళ్ళాడు. మూసేవేళకు జనమంతా పోయాక నేను సంచి సర్దుకుని, రోజూ లాగే పక్క తలుపు దగ్గర ఆవిడ కోసం నిలబడ్డాను. ఉద్యోగులందరం ఆ పక్క తలుపు నుంచే వస్తాం, పోతాం. అక్క రాలేదు. వెళ్ళి చూస్తే మధ్యగదిలో నిలబడి ఉంది.

"ఇవాళ ఇటునుంచే పోతానే" అంది. "అందరూ పోయినట్టే."

"పద, ఎవరొద్దన్నారు?"

ఆవిడ కుంచె నా చేతిలో పెట్టింది. అప్పుడు నాకు స్ఫురించింది. ఇన్నేళ్ళు ఊరందరి వీపులూ చూసిన మనిషి వీపు ఇంతవరకూ ఎవరూ చూడలేదు. చూడాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

"ఉందేమో చూడవే" అని అక్క వెనక్కి తిరిగింది.

చూశాను. ఉతికి ఉతికి వెలిసిపోయిన యూనిఫాం. మెడ దగ్గర చెమట మరక. రెండు వైపులా ఎముకలు బయటికి పొడుచుకొచ్చిన చిన్న వీపు. ఇంకేమీ లేదు. అద్దంలో చూశాను, అక్క కళ్ళు మూసుకుని ఉంది.

"ఉంది" అన్నాను. "కదలకక్కా."

అక్క కదలలేదు. నేను కుంచె పక్కన పెట్టేసి అరచెయ్యి ఆ వీపు మీద ఆనించాను. లోపల మొక్కలు చూసే తోటమాలి దీపాలన్నీ ఆర్పి తాళాలు తెచ్చేదాకా అలాగే ఉంచాను.